ఎప్పుడు, ఎటు, ఎంతసేపు

లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర చైనా సరిహద్దుకు కాపలా కాస్తున్న మన సైనికులు 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా ఆకాశంలో అంతుచిక్కని వెలుగులు చూశారు. ఒకసారీ రెండుసార్లూ కాదు, 329 సార్లు. వాటిలో 155 సార్లు ఆ వెలుగు వాస్తవాధీన రేఖ దాటి మన వైపు వచ్చినట్టు రాసుకున్నారు. ఒకటి సాయంత్రం ఆరింటి వేళ కనిపించేది, రెండోది తెల్లవారుజామున నాలుగింటికి. అవతలి వాళ్లు పంపుతున్న నిఘా డ్రోన్లేమోనన్న అనుమానం బలపడింది. చివరికి సంగతి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ దాకా వెళ్లింది. లడఖ్‌లోనే, హాన్లేలో ఆ సంస్థకు అబ్జర్వేటరీ ఉంది. వాళ్ల ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇవి భూమికి చెందినవా, ఆకాశానికి చెందినవా? చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోల్చి ఆ వెలుగులు ఎలా జరుగుతున్నాయో చూశాక జవాబు దొరికింది. సాయంత్రం వచ్చేది గురుగ్రహం. వేకువన వచ్చేది శుక్రుడు, మన పల్లెల్లో వేగుచుక్క అని పిలుచుకునేది.

2013 జులైలో ఈ సంగతి పత్రికల్లోకి ఎక్కినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. ఆ నవ్వు అన్యాయమైనది. పాంగాంగ్ సుమారు 4,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పలచన, దుమ్ము తక్కువ. ఊరి దీపాల వెలుతురులో బతికే మనకు కనిపించే శుక్రుడు వేరు, ఆ చలి రాత్రి సరస్సు అంచున కొండ మీదికి లేచే శుక్రుడు వేరు. సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అంత ప్రకాశించే గ్రహం గానీ నక్షత్రం గానీ మరొకటి లేదు. ఆ చలికాలం గురుగ్రహం కూడా నిండు వెలుగులో ఉంది. 2012 డిసెంబరు 3న అది భూమికి ఒక వైపు ఉంటే, సూర్యుడు సరిగ్గా రెండో వైపు ఉన్నాడు. అంటే పొద్దు గుంకగానే తూర్పున లేచి, తెల్లవార్లూ ఆకాశంలో ఉండేది. పైగా అనుమానించడం సైనికుడి ఉద్యోగం. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది: మనలో చాలామంది చేయని పని వాళ్లు చేశారు. చూసిన ప్రతిసారీ రాసిపెట్టారు. వేళ రాశారు, వైపు రాశారు, ఎన్నిసార్లో లెక్క పెట్టారు. అది డ్రోన్ అన్న ఊహ తప్పింది కానీ, ఆ రాత తప్పలేదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదీ అదే. ఆకాశంలో తెలియని వెలుగును గుర్తుపట్టడానికి అది ఎలా ఉందన్నది పెద్దగా పనికిరాదు. ఎప్పుడు కనిపించింది, ఎటు కనిపించింది, ఎంతసేపు కనిపించింది అన్న మూడు సంగతులు తెలిస్తే అక్కడ ఏముందో దాదాపు ప్రతిసారీ తేలిపోతుంది.

ఇది మొదట వింతగా అనిపిస్తుంది. ఒక వస్తువును గుర్తుపట్టాలంటే దాని రూపం చూడాలి కదా అంటాం. పగలు అది నిజమే. పగలు ఎగిరే కొంగను చూస్తే అది చెట్టుకు ఇవతల ఉందో అవతల ఉందో తెలుస్తుంది. కొంగ ఎంత ఉంటుందో ముందే తెలుసు కాబట్టి ఎంత దూరాన ఉందో, ఎంత వేగంగా పోతోందో మనకు తెలియకుండానే లెక్క కట్టేస్తాం. చీకట్లో ఒంటరి వెలుగుచుక్కకు ఈ ఆధారాలేవీ ఉండవు. ఆ చుక్క పెరటి చెట్టు దగ్గరి మిణుగురు కావచ్చు, అర కిలోమీటరు దూరాన డ్రోన్ కావచ్చు, పది కిలోమీటర్ల ఎత్తున విమానం కావచ్చు, 400 కిలోమీటర్ల ఎత్తున అంతరిక్ష కేంద్రం కావచ్చు, కోట్ల కిలోమీటర్ల అవతలి గ్రహం కావచ్చు. కంటికి అన్నీ ఒక్క చుక్కే. చిన్న లెక్క చూడండి. చేయి బారుగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే ఆ వేలి వెడల్పు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ. ఒక వెలుగు సెకనుకు అంత చొప్పున జరుగుతోందనుకుందాం. అది మనకు 500 మీటర్ల దూరంలో ఉంటే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు, అంటే మామూలు డ్రోన్. 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే గంటకు 630 కిలోమీటర్లు, అంటే విమానం. 400 కిలోమీటర్ల దూరంలో ఉంటే సెకనుకు 7 కిలోమీటర్లు, అంటే ఉపగ్రహం. వెలుగు ఒకటే, కదలిక ఒకటే. దూరం మారితే వస్తువే మారిపోయింది. కాబట్టి ‘చాలా పెద్దది, చాలా దగ్గరగా వచ్చింది, మహా వేగంగా పోయింది’ అని ఎవరైనా అన్నప్పుడు అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఆ మూడు మాటలూ చూసినవి కావు, మనసు కట్టుకున్న అంచనాలు. మన పల్లెల్లో పొలం గట్ల మీద కొరివిదయ్యాలు తిరుగుతాయని చెప్పుకున్న కథల్లో ఎన్నింటి వెనక, రాత్రి కరెంటు వంతుకు మోటారు వేయడానికి పోయిన రైతు చేతి దీపం ఉందో ఎవరు చెప్పగలరు?

కదలని వెలుగు కూడా కదిలినట్టు కనిపిస్తుంది. బస్సులో పోతుంటే చందమామ వెంట వచ్చినట్టు అనిపించడం చిన్నప్పటి నుంచి అందరికీ తెలిసిన సంగతే. శుక్రుడూ అలాగే వెంట వస్తాడు. చందమామను చందమామ అని గుర్తుపడతాం కాబట్టి భయం వేయదు, శుక్రుణ్ని గుర్తుపట్టం కాబట్టి ‘మా కారును వెంబడించింది’ అంటాం. దీనికన్నా సూక్ష్మమైనది ఇంకొకటుంది. చుట్టూ చీకటి, మధ్యలో ఒక్క చుక్క. దాన్నే కాసేపు తదేకంగా చూస్తే అది మెల్లగా పక్కకు జరుగుతుంది, ఊగుతుంది, ఒక్కోసారి గిరికీలు కొడుతుంది. కన్ను ఎంత నిలకడగా ఉంచామనుకున్నా లోపల సన్నగా కదులుతూనే ఉంటుంది. పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేకపోతే ఆ కదలికను మెదడు చుక్కకు అంటగడుతుంది. గొప్ప శాస్త్రవేత్త, యాత్రికుడు అలెగ్జాండర్ హంబోల్ట్ అంతటివాడు 1799లో టెనరీఫ్ దీవి కొండ మీద నిలబడి నక్షత్రాలు ఊగుతున్నాయని రాసుకున్నాడు. అది ఆకాశంలో జరిగింది కాదని, కంటిలో జరిగిందని తేలడానికి దశాబ్దాలు పట్టింది.

‘ఒక్కరైతే భ్రమ అనుకోవచ్చు, ఊరంతా చూశాం కదా’ అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1935లో ప్రచురించిన ప్రయోగాలు ఈ భ్రమ మీదే చేశాడు. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, ఏమాత్రం కదలని చిన్న వెలుగుచుక్కను కాసేపు చూపించి, అది ఎంత దూరం జరిగిందో చెప్పమన్నాడు. విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. తర్వాత ఇద్దరిద్దరిని, ముగ్గురు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమంటే, ఒకరి మాట ఒకరు వింటూ వింటూ అందరి లెక్కలూ ఒకే చోటికి వచ్చి చేరాయి. మళ్లీ ఒంటరిగా కూర్చోబెట్టినా ఆ ఉమ్మడి లెక్కనే పట్టుకున్నారు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు. పదిమంది ఒకే మాట చెప్పడం వల్ల అక్కడ ఒక వెలుగు ఉందని రుజువవుతుంది. అది కదిలిందని మాత్రం రుజువు కాదు. పదిమందీ ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే ఎవరికి వారు రాసిపెడితే ఆ సాక్ష్యం విలువ వేరు.

ఇక మొదటి ప్రశ్న, ఎప్పుడు. పొద్దు వాలాక ఊరి వీధుల్లో చీకటి పరుచుకున్నా, గాలిగోపురం కలశాల మీద ఇంకా కాసేపు ఎండ పొడ ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఎండ ఎక్కువసేపు నిలుస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మన ఊళ్లో చీకటి పడ్డాక గంటకు పైగా ఎండ తగులుతూనే ఉంటుంది. అది వెలిగించుకున్న దీపం కాదు, అద్దం మీద పడ్డ ఎండ. అందుకే తెలుగునాట తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు నడినెత్తిన కనిపించేది పొద్దు గుంకాక సుమారు గంటన్నర లోపు, లేదా పొద్దు పొడవడానికి ముందు అంతే సేపు. నడిరాత్రి అవి భూమి నీడలో మునిగిపోయి ఉంటాయి. కాబట్టి రాత్రి పన్నెండింటికి నెత్తి మీదుగా ఒక వెలుగు సాగిపోయిందంటే, తక్కువ ఎత్తు ఉపగ్రహాలను పక్కన పెట్టి విమానాన్ని ముందు అనుమానించాలి. ఇదే లెక్క లండన్‌లో ఉండే తెలుగువారికి జూన్ నెలలో వర్తించదు. అక్కడ వేసవిలో సూర్యుడు దిగంతం కిందికి లోతుగా దిగడు, అంతరిక్ష కేంద్రం నడిరాత్రి కూడా మెరుస్తుంది. వేళతో పాటు ఊరూ చెప్పాలనేది అందుకే.

అంతరిక్ష కేంద్రాన్ని ఒకసారి చూసినవారు మళ్లీ పొరపడరు. సుమారు 109 మీటర్ల పొడవున్న ఆ కట్టడం 92 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. రెప్ప వేయని తెల్లటి వెలుగు పడమటి వైపు లేచి, ఒకే వేగంతో తూర్పు వైపు సాగుతుంది. ఆకాశం ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి పది నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. చప్పుడు ఉండదు, మిణుకు ఉండదు. ఒక్కోసారి మబ్బు లేని ఆకాశం మధ్యలోనే మెల్లగా ఎర్రబారి ఆరిపోతుంది. చూసేవారికి ‘మాయమైంది’ అనిపించే క్షణం ఇదే. అక్కడ జరిగింది సూర్యాస్తమయం. అది భూమి నీడలోకి దూరింది. 2019 మే నెలలో 60 ఉపగ్రహాలతో మొదలైన స్టార్‌లింక్ ప్రయోగాల తర్వాత ఇంకో దృశ్యం తోడైంది. ప్రయోగించిన తొలి రోజుల్లో ఆ ఉపగ్రహాలు ఇంకా దగ్గర దగ్గరగా, ఒకదాని వెనక ఒకటి, దండకు గుచ్చిన దీపాల్లా సాగిపోతాయి. 2021 డిసెంబరులో పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌లో, 2022 సెప్టెంబరులో లక్నో పరిసరాల్లో జనాన్ని వీధుల్లోకి రప్పించినవి ఇవే. ఇవాళ పని చేస్తున్న ఉపగ్రహాలు పదివేలు దాటాయి. మునిమాపు వేళ అరగంట మేడ మీద కూర్చుంటే నాలుగైదు కనిపించడం ఇప్పుడు మామూలు.

ఎంతసేపు అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో మూడింటిలో బలమైనది అదే. 2022 ఏప్రిల్ 2 రాత్రి, ఉగాది నాడు, ఎనిమిది గంటలకు కాస్త ముందు గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మీదుగా నిప్పుల వరుస ఒకటి ఆకాశంలో సాగిపోయింది. ఉల్కలన్నారు, విమానం కూలిందన్నారు, క్షిపణి అన్నారు. తీసిన వీడియోల్లోనే జవాబు ఉంది. ఉల్క అంటే అంతరిక్షం నుంచి వచ్చే రాయి, దుమ్ము. అది సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొస్తుంది. అంత వేగంలో అది కాలిపోవడానికి సెకనో రెండు సెకన్లో చాలు. ‘చుక్క తెగిపడింది’ అనేలోపే అయిపోతుంది, పక్కవారికి చూపించే వ్యవధి కూడా ఉండదు. పెద్ద రాయి అయితే మరికొన్ని సెకన్లు. ఈ నిప్పుల వరుస మాత్రం జనం ఫోన్ తీసి, కెమెరా తెరిచి, తీరిగ్గా వీడియో తీసేంత సేపు సాగింది. ముక్కలుగా విడిపోతూ, ముక్కలన్నీ ఒకే దారిలో దాదాపు నేలకు సమాంతరంగా పోయాయి. సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో, భూమి చుట్టూ తిరిగి తిరిగి ఎత్తు తగ్గుతూ వచ్చే మానవ నిర్మిత వస్తువు నడక అది. అప్పట్లో హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రంలో పనిచేస్తున్న ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డొవెల్, అది 2021 ఫిబ్రవరిలో ప్రయోగించిన చైనా రాకెట్ లాంగ్ మార్చ్ 3బీ మూడో దశ అని చెప్పాడు. మన ఆదిలాబాద్ వైపు సరిహద్దు పంచుకునే చంద్రాపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో సుమారు మూడు మీటర్ల వెడల్పున్న లోహపు కడియం పడింది. మంటను చూసి ‘ఎంత పెద్దది, ఎంత ఎర్రగా ఉంది’ అని ఎంత వర్ణించినా ఈ సంగతి తేలేది కాదు. ఎంతసేపు, ఎటు నుంచి ఎటు అన్న రెండు ముక్కలతో ఉల్కా కాదా అన్నది తేలిపోయింది. వేళ తోడయ్యేసరికి ఏ దేశపు రాకెట్టో కూడా తెలిసింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణలు రెండున్నాయి. శ్రీహరికోట నుంచి వేకువన రాకెట్ లేచినప్పుడు, ఉదాహరణకు 2022 ఫిబ్రవరి 14న పీఎస్ఎల్‌వీ-సీ52 ఉదయం 5:59కి లేచింది, కింద ఇంకా మసక చీకటిగా ఉండగానే పైన దాని పొగకు ఎండ తగిలి రంగులు తేలుతుంది. అదే సంవత్సరం డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించినప్పుడు పశ్చిమ బెంగాల్ వాసులు ఆకాశంలో వింత వెలుగు చూసి కంగారు పడ్డారు. అక్కడా ఇదే సూత్రం. రెండో ఉదాహరణ హైదరాబాద్‌ది. టాటా మౌలిక పరిశోధన సంస్థకు ఈసీఐఎల్ దగ్గర బెలూన్ల కేంద్రం ఉంది. 1969 నుంచి అక్కడి నుంచి పెద్ద పెద్ద పాలిథీన్ బెలూన్లు శాస్త్ర పరికరాలతో 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు ఎగురుతున్నాయి. 35 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూన్‌కు మనకన్నా సుమారు 25 నిమిషాల ముందే తెల్లవారుతుంది. కింద చీకటి, పైన నిలబడిపోయినట్టున్న తెల్లటి గుండ్రటి వెలుగు. 2022 డిసెంబరు 7న హైదరాబాద్ ఆకాశంలో కనిపించి కలకలం రేపినది అలాంటి బెలూనే. అంతరిక్ష అంచు దాకా పర్యాటకులను తీసుకెళ్లాలని ప్రయత్నిస్తున్న ఒక స్పెయిన్ సంస్థ నమూనా గదిని దానికి కట్టి పంపారు. ఆ గది వికారాబాద్ జిల్లాలో పొలాల మధ్య దిగితే జనం తండోపతండాలుగా చూడటానికి వెళ్లారు. ఇలాంటి ప్రయోగాలకు ముందు, పడిన పరికరాలను తాకవద్దని, పోలీసులకు చెప్పమని పత్రికల్లో ప్రకటన వస్తుంది. లోపలి పేజీల్లో ఉంటుంది కాబట్టి మన కంట పడదు.

మిణుకు మిణుకుమనే వాటి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. విమానానికి ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ, తోకన తెలుపు దీపాలుంటాయి. వీటికి తోడు ఢీకొనకుండా హెచ్చరించే దీపాలు నిమిషానికి 40 నుంచి 100 సార్లు మెరుస్తాయి. నేరుగా మన వైపు వస్తున్న విమానం ముందు దీపాలు వేసుకుంటే, ఒకే చోట నిలిచిన పెద్ద వెలుగులా కనిపించి, మలుపు తిరగగానే చటుక్కున ఆరిపోయినట్టు అనిపిస్తుంది. శంషాబాద్ దారిలో ఇది ప్రతి రాత్రీ జరుగుతుంది. ‘చప్పుడు లేదు కాబట్టి విమానం కాదు’ అనడానికీ లేదు. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి శబ్దం నేలకు దిగడానికి అర నిమిషం పడుతుంది. ఆలోపు విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. చలికాలం సాయంత్రాల్లో తూర్పు-ఆగ్నేయాన దిగంతానికి దగ్గరగా ఎరుపు, పచ్చ, నీలం మార్చి మార్చి మెరిసే చుక్క సిరియస్ నక్షత్రం. మన పాత పుస్తకాల్లో దాని పేరు లుబ్ధకుడు. దిగంతం దగ్గర గాలి పొరలు మందం, ఆ పొరల్లో కాంతి విరిగి రంగులు విడిపోతాయి. గంట తర్వాత అది పైకి లేచాక ఆ రంగుల ఆట తగ్గిపోతుంది. కొన్ని సెకన్లకోసారి లెక్క తప్పకుండా మెరుస్తూ సాగేది దొర్లుతూ తిరిగే పాత రాకెట్ తొడుగు. సంక్రాంతి రాత్రుల్లో నారింజ రంగులో గాలి వాటున కొట్టుకుపోయేవి కాగితపు లాంతర్లు.

ఇప్పుడు అభ్యంతరాలు. సైనికులు, పైలట్లు శిక్షణ పొందినవారు, వాళ్లు కూడా పొరపడతారా అన్నది మొదటిది. పడతారు. అందులో వారి తప్పు లేదు. ఏ శిక్షణా ఒంటరి వెలుగుచుక్క దూరాన్ని కంటికి చూపించలేదు. గత కొన్నేళ్లుగా విమాన పైలట్లు ఒక వింత చెబుతున్నారు. దిగంతం మీద ఒకే చోట వెలుగులు ఒకటి తర్వాత ఒకటి పుట్టి, కొన్ని సెకన్లు ప్రకాశించి, ఆరిపోతున్నాయని. పరిశీలిస్తే అవి ఎప్పుడూ సూర్యుడు ఏ వైపు దిగంతం కింద ఉన్నాడో ఆ వైపే కనిపిస్తున్నాయి. స్టార్‌లింక్ ఉపగ్రహాల చదునైన అడుగు భాగం ఒక కోణంలో అద్దంలా ఎండను విసురుతోంది. ఒకటి ఆ కోణం దాటగానే వెనక ఉన్నది అక్కడికి వస్తోంది. పైలట్లు చూసింది నిజం, జాగ్రత్తగా చెప్పారు. ఎటు, ఎప్పుడు అని చెప్పగలిగారు కాబట్టే జవాబు దొరికింది.

ప్రభుత్వాలు దాచిపెడతాయి కదా అన్నది రెండోది. దాస్తాయి. 1977 సెప్టెంబరు 20 వేకువన సోవియట్ రష్యాలోని పెత్రోజవోద్స్క్ నగరం మీద కాంతి కిరణాలు చిమ్ముతున్న పెద్ద వెలుగు కనిపించింది. అది ప్లెసెట్స్క్ ప్రయోగ కేంద్రం నుంచి కాస్మోస్-955 ఉపగ్రహాన్ని మోసుకుపోతున్న రాకెట్. అసలు ప్లెసెట్స్క్ అనే ప్రయోగ కేంద్రం ఉందనే సోవియట్ ప్రభుత్వం 1983 దాకా ఒప్పుకోలేదు. అయినా లోకానికి ఎలా తెలిసింది? ఇంగ్లండ్‌లో కెటరింగ్ గ్రామర్ స్కూల్ ఉపాధ్యాయుడు జెఫ్రీ పెర్రీ, తన విద్యార్థులతో కలిసి ఉపగ్రహాల రేడియో సంకేతాలు ఏ వేళకు వినిపిస్తున్నాయో రాసుకుని, ఆ లెక్కల నుంచి 1966లోనే అలాంటి కేంద్రం ఉందని పసిగట్టాడు. ప్రభుత్వాలను నమ్మని వారికే వేళల రాత మరింత అవసరం. ఎవరూ చెప్పకపోయినా తేల్చుకోగల సాధనం అది.

ఎంత వెతికినా తేలనివి మిగులుతున్నాయి కదా అన్నది మూడో అభ్యంతరం, అన్నిటికన్నా గట్టిది. అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా నడిపిన ప్రాజెక్ట్ బ్లూ బుక్ 12,618 ఉదంతాలు పరిశీలిస్తే 701 తేలకుండా మిగిలాయి. ఆ 701ని నేను కొట్టిపారేయను. కానీ ‘తేలలేదు’ అన్నది మన దగ్గరున్న సమాచారం గురించి చెప్పిన మాట, ఆ వస్తువు గురించి చెప్పిన మాట కాదు. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ 1977 నుంచి ఇలాంటి ఉదంతాల కోసం ఒక విభాగాన్ని నడుపుతోంది. వాళ్లు తేలనివాటిని రెండు అరల్లో పెడతారు: సమాచారం చాలక తేలనివి ఒక అరలో, సమాచారం బాగా ఉన్నా తేలనివి ఇంకో అరలో. రెండో అరలోవి చాలా కొద్ది. నిజంగా కొత్త సంగతి ఏదైనా ఉంటే అది ఆ రెండో అరలోనే దొరకాలి. అందుకని ఆకాశంలో గొప్ప రహస్యం ఉందని నమ్మేవారు కూడా మొదట కోరుకోవలసింది మంచి రాతనే. వేళ లేని, దిక్కు లేని వర్ణన ఎంత అద్భుతంగా ఉన్నా మొదటి అరలోకే పోతుంది.

నాలుగో అభ్యంతరం ఈ కాలానిది: డ్రోన్లు నిజంగానే వస్తున్నాయి, అన్నీ గ్రహాలే అని కూర్చుంటే ఎలా? 2025 మే నెలలో జమ్మూ, పంజాబ్ సరిహద్దు ఊళ్ల మీదికి పాకిస్తాన్ డ్రోన్లు వచ్చాయి. అది భ్రమ కాదు. కాబట్టే గుర్తుపట్టడం నేర్చుకోవాలంటున్నాను. 2024 చివర్లో, మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే న్యూజెర్సీలో రాత్రిళ్లు డ్రోన్లు తిరుగుతున్నాయని గగ్గోలు పుట్టింది. డిసెంబరు 16న ఎఫ్‌బీఐ, మరికొన్ని ప్రభుత్వ శాఖలు కలిసి ప్రకటన చేశాయి. 5,000కు పైగా ఫిర్యాదులు వస్తే వాటిలో సుమారు 100 మాత్రమే తదుపరి విచారణకు ఆధారం ఇచ్చాయి. చూసినవాటిలో అనుమతి ఉన్న డ్రోన్లూ ఉన్నాయి, విమానాలూ హెలికాప్టర్లూ ఉన్నాయి, నక్షత్రాలూ ఉన్నాయి. మేరీల్యాండ్ మాజీ గవర్నర్ లారీ హోగన్ తన ఇంటి మీద చూశానని పెట్టిన వీడియోలో ఉన్నది మనం ఆర్ద్ర, మృగశిర అని పిలుచుకునే చుక్కలున్న ఒరాయన్ మండలం. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంటకు అటూ ఇటూ వస్తుంది. అదే చోట రెండు గంటలు నిలబడిన వెలుగు అలాంటి డ్రోన్ కాదని చెప్పడానికి ‘ఎంతసేపు’ అన్న ఒక్క ప్రశ్న చాలు. నక్షత్రమైతే రేపు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది, నెలకు రెండు గంటల తేడా. అలా క్రమం తప్పకుండా ముందుకు జరగవలసిన అవసరం ఏ డ్రోన్‌కూ లేదు.

తప్పుగా గుర్తుపట్టడం వల్ల నష్టం ఆకాశంలో జరగదు, నేల మీద జరుగుతుంది. 2025 జులై, ఆగస్టుల్లో పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో దొంగలు డ్రోన్లతో ఇళ్లు చూసి వెళ్తున్నారన్న పుకారు పుట్టి, జనం కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. ముజఫర్‌నగర్ జిల్లాలో పావురాలకు ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కట్టి ఎగరేసిన ఇద్దరిని పోలీసులు పట్టుకున్నారు. రెండు చిన్న దీపాలు, ఒక పావురం చాలాయి ఊళ్లకు ఊళ్లను నిద్ర లేపడానికి. అలాంటి రాత్రి దారి తప్పి వచ్చిన పరాయి మనిషి గతి ఏమిటో ఆలోచించండి.

కావలసిన పనిముట్లు మన చేతిలోనే ఉన్నాయి. చేయి బారుగా చాచి పిడికిలి పెడితే పది డిగ్రీలు, జాన పెడితే ఇరవై. ‘బారెడు పొద్దెక్కింది’ అని చేతి కొలతతో సూర్యుడి ఎత్తు చెప్పిన భాష మనది. ఇంటి వాస్తు పుణ్యమా అని ఈశాన్యం ఎటో నైరుతి ఎటో తెలియనివారు మనలో తక్కువ. ఈసారి ఆకాశంలో తెలియని వెలుగు కనిపిస్తే ముందు గడియారం చూడండి. ఏ మూలన, దిగంతానికి ఎన్ని పిడికిళ్ల ఎత్తున మొదలైందో, ఎటు పోయిందో, ఎన్ని సెకన్లు లేదా నిమిషాలు ఉందో కాగితం మీద రాయండి. పక్కవారి చేత కూడా, మీరు ఏమనుకున్నారో చెప్పకుండా, విడిగా రాయించండి. వీడియో తీస్తే పిట్టగోడ మీద ఫోన్ ఆనించి, ఏ చెట్టో కరెంటు స్తంభమో చట్రంలో పడేలా తీయండి. జూమ్ చేయకండి, చుక్క మీద జూమ్ చేస్తే కెమెరా మసకబారి పళ్లెం లాంటి ఆకారాన్ని తానే పుట్టిస్తుంది. ఆ వివరాలతో విమానాల దారులు చూపే యాప్, ఉపగ్రహాల వేళలు చెప్పే యాప్, నక్షత్రాల పటం చూపే యాప్ తెరవండి. మూడూ ఉచితంగా దొరుకుతాయి. అప్పటికీ తేలకపోతే ఆ కాగితం పారేయకండి.